చప్పుడు లేని ఉయ్యాల బట్ట

మొన్న గుంటూరులో ఒక బట్టల కొట్టుకి వెళ్ళాను. మా లేబొరేటరీలో పనిచేసే అమ్మాయికి కాన్పయింది, ఉయ్యాలకి మంచి నూలుబట్ట తీసుకెళ్దామని. కొట్టాయన బట్ట తాను విప్పి, ఐదు మీటర్లు కొలిచి, అంచు దగ్గర కత్తెరతో చిన్న గాటు పెట్టి, రెండు చేతులతో ఒక్క లాగు లాగాడు. పర్రుమని ఈ చివరి నుంచి ఆ చివరికి చిరిగింది. నేను కదలకుండా వింటూ నిలబడ్డాను. "ఏంటమ్మా, వంకర పోయిందా?" అన్నాడాయన. లేదండీ, బాగా చిరిగింది అన్నాను. అంచున మిగిలిన పీలిక ఒకటి అడిగి తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని అక్కడే ఇంకోసారి చింపాను. పక్కన చీరలు చూసుకుంటున్న ఇద్దరు ఆడవాళ్ళు నన్నొకసారి చూసి కాస్త దూరం జరిగారు.

ఈ పిచ్చి నాకు కామేశ్వరి గారి దగ్గర అంటుకుంది. మీలో ఎవరూ ఆవిడను చూసి ఉండరు. ఆవిడ ఫొటో ఏ పేపర్లోనూ పడలేదు. ప్రత్తిపాడు దాటాక పత్తిచేల మధ్య రేకుల షెడ్లలో నడిచే మా బట్టల ప్రాసెసింగ్ యూనిట్‌లో లేబొరేటరీ హెడ్‌గా పనిచేసి, అక్కడే రిటైరయ్యారు. మరమగ్గాల మీద నేసిన ముతక గుడ్డ మా దగ్గరికి వస్తుంది. దానికున్న గంజి తీసి, తెల్లబరిచి, రంగువేసి, మెత్తన చేసి పంపడం మా పని. కామేశ్వరి గారిది సింగరాయకొండ. తండ్రి అర్చకుడు, తమ్ముడూ అర్చకుడే. ఆవిడ మాత్రం కెమిస్ట్రీ చదువుకుని రంగు నీళ్ళ మధ్యకి వచ్చారు. పొట్టిమనిషి. కళ్ళజోడు పోగొట్టుకుంటూ ఉంటారని దానికొక నూలు తాడు కట్టుకుని మెడలో వేలాడదీసుకునేవారు. గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. మెల్లగా అడిగే ఆవిడ ప్రశ్నలకే మేం ఎక్కువ భయపడేవాళ్ళం.

నన్ను ఉద్యోగంలోకి తీసుకున్న రోజు సంగతి చెబితే ఆవిడ ఎలాంటి మనిషో కొంత తెలుస్తుంది. మాది మిరప, పత్తి వేసుకునే కుటుంబం. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే. ఎంజైమ్ అంటే ఏమిటో పుస్తకంలో ఉన్న నాలుగు వాక్యాలూ దారిపొడుగునా వల్లెవేసుకుంటూ ఇంటర్వ్యూకి వెళ్ళాను. కామేశ్వరి గారు నా సర్టిఫికెట్లు పక్కన పెట్టి, తన క్యారేజీ మూత తీసి, ఇంకా పెరుగు కలపని తెల్లన్నం గుప్పెడు నా చేతిలో పెట్టారు.

"నోట్లో పెట్టుకో. నేను చెప్పేదాకా మింగొద్దు. నములుతూ ఉండు."

కూరా నారా లేని చల్లటి అన్నం. ఆవిడ గడియారం చూసుకుంటూ కూర్చున్నారు. నేను ఆవులాగా నెమరేస్తూ కూర్చున్నాను. చాలాసేపటికి అడిగారు, "ఎలా ఉంది?"

"తియ్యగా ఉందండి."

"నేను చక్కెర వెయ్యలేదే. మరెవరు వేశారు?"

నా నోరే వేసిందని అర్థమయ్యేసరికి కొంచెం సమయం పట్టింది. లాలాజలంలో ఉన్న ఎంజైమ్ అన్నంలోని పిండిపదార్థాన్ని విడగొట్టి చక్కెరగా మారుస్తోంది. పుట్టినప్పటి నుంచీ రోజూ జరుగుతున్న పని. "మన యూనిట్‌లో గుడ్డకున్న గంజిని తీసేది కూడా ఈ బాపతు మనుషులే" అన్నారు. ఆవిడ ఎంజైములను ఎప్పుడూ కెమికల్స్ అనలేదు. మనుషులనో, వాళ్ళనో అనేవారు. "నేసేటప్పుడు తెగకుండా పడుగు నూలుకి గంజి పెడతారు. అది వదలకపోతే రంగు పట్టదు. వెనకటికి యాసిడ్ వేసి వదిలించేవారు, గుడ్డా పాడయ్యేది, చేతులూ పాడయ్యేవి. వీళ్ళయితే గోరువెచ్చని నీళ్ళలో కూర్చుని గంజి ఒక్కటే తినేసి పోతారు. సరే, సోమవారం నుంచి రా." వల్లెవేసిన నాలుగు వాక్యాలూ చెప్పే అవకాశం నాకు రానేలేదు.

ఆ మనుషులకు ఏం కావాలో నేర్చుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. వేడి తక్కువైతే బద్ధకిస్తారు, ఎక్కువైతే చచ్చిపోతారు. పులుపు కావలసినవాళ్ళు కొందరు, అక్కర్లేనివాళ్ళు కొందరు. ఒక్కొక్కరికి ఒక్కటే పని వచ్చు, ఇంకోటి చేతకాదు. ఇవన్నీ పుస్తకాల్లోనూ ఉంటాయి. కామేశ్వరి గారు మాత్రం ఏది చెప్పినా వంటింటి నుంచో పొలం నుంచో మొదలుపెట్టేవారు. పాలు గడ్డకట్టి చీజ్ ఎలా తయారవుతుందో, పళ్ళరసం తేటగా ఎలా వస్తుందో, బట్టల సబ్బుపొడి చొక్కా కాలర్ మీది జిడ్డుని ఎలా వదిలిస్తుందో మధ్యాహ్నం క్యారేజీలు విప్పుకున్నప్పుడు చెప్పేవారు. అరుగుదల మాత్రలో ఉన్నది పంది కడుపులోంచి తీసిన ఎంజైమ్ కావచ్చని ఆవిడ చెప్పిన రోజు మా స్టోర్‌కీపర్ తన జేబులోని మాత్రల అట్ట తీసి చాలాసేపు చదువుకున్నాడు.

బాయిలర్ దగ్గర పనిచేసే కోటయ్య గొడవ ఇంకోటుంది. ఒకసారి అతను ముదురు మేకమాంసం ఎంత ఉడికించినా ఉడకలేదని మా ముందు వాపోయాడు. కామేశ్వరి గారు జన్మలో మాంసం ముట్టలేదు. అయినా పెరుగన్నం కలుపుకుంటూనే, "పచ్చి బొప్పాయి ముక్క నూరి పట్టించు కోటయ్యా. బొప్పాయి పాలల్లో మాంసాన్ని మెత్తబరిచే ఎంజైమ్ ఉంటుంది. అరగంట చాలు, తర్వాత పొయ్యెక్కించెయ్యి" అన్నారు. మరుసటి ఆదివారం చుట్టాలొస్తే కోటయ్య ఆ పని చేశాడు. అరగంటకే అంత గుణముంటే పొద్దుటి నుంచీ ఉంచితే ఇంకా బాగుంటుందని పొద్దున్నే పట్టించి మధ్యాహ్నందాకా ఉంచాడు.

"ముక్క లేదండీ, అంతా గుజ్జే. మా బావ గరిటెతో వెతుక్కున్నాడు" అని సోమవారం వచ్చి చెప్పాడు.

"పని మొదలుపెట్టమన్నావు గానీ ఆపమని చెప్పలేదు కదయ్యా" అన్నారావిడ. "వాళ్ళకి కడుపు నిండటమంటూ ఉండదు. మనమే ఆపాలి."

అందరం నవ్వాం. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నూలుగుడ్డ మీద సన్నటి నూగు ఉంటుంది. చేత్తో తడిమితే గరగర అంటుంది, రెండు ఉతుకులకే ఉండలు కడుతుంది. ఆ నూగుని తినేసే ఎంజైమ్ ఒకటుంది. గోరువెచ్చటి నీళ్ళలో, కాస్త పులుపు కలిపి, గంటసేపు దాన్ని గుడ్డ మీద పనిచెయ్యనిస్తే నూగంతా రాలిపోయి గుడ్డ నున్నగా, మెత్తగా అవుతుంది. చిక్కేమిటంటే నూగూ పత్తే, గుడ్డా పత్తే. గంటయ్యాక నీళ్ళను ఎనభై డిగ్రీలకి తీసుకెళ్ళి పది నిమిషాలుంచి దాన్ని చంపకపోతే, నూగు అయిపోయాక అది గుడ్డ మీద పడుతుంది. అందుకని ప్రతి బ్యాచ్‌కీ ఒక కార్డు ఉండేది. ఎంత వేడి, ఎన్ని నిమిషాలు అని రాసి, నిలబడి చేయించినవాళ్ళు సంతకం పెట్టాలి. అయినా కామేశ్వరి గారు కార్డుని నమ్ముకుని ఊరుకునేవారు కాదు. బలం కొలిచే మిషన్ ఉన్నా సరే, ప్రతి బ్యాచ్ నుంచి ఒక పీలిక చెవి దగ్గర పెట్టుకుని చింపి వినేవారు. బలమున్న నూలు పర్రుమంటుంది. రోజూ వినడం వల్ల మాకూ తేడా తెలిసేది.

నా కూతురు పుట్టాక ఆర్నెల్లకి తిరిగి పనిలో చేరాను. పాపను అత్తగారి దగ్గర వదిలి వచ్చేదాన్ని. పిల్ల సరిగా తినడం లేదని ఏడుపుముఖం పెట్టుకుని కూర్చుంటే కామేశ్వరి గారే ఉపాయం చెప్పారు. మొలకెత్తించి ఎండబెట్టిన రాగుల పిండి, చిక్కటి జావ కాస్త చల్లారాక ఒక చెంచా కలపమన్నారు. గరిటె నిలబడే జావ మా కళ్ళముందే పల్చగా జారిపోయింది. అదే చిక్కదనం నీళ్ళు పోసి తగ్గిస్తే పిల్ల కడుపులోకి నీళ్ళే పోతాయి, ఇలాగైతే పిండంతా పోతుంది. మొలకలోని ఎంజైమ్ చేసిన పని అది. ఆ నెల నా కూతురు ఒళ్ళు చేసింది. మా అత్తగారు ఆవిడను చూడకుండానే ఆవిడ భక్తురాలైపోయారు.

ఆ రోజుల్లోనే మా యూనిట్‌కి ఉయ్యాల బట్ట ఆర్డర్ వచ్చింది. ఐదేసి మీటర్ల ముక్కలుగా కత్తిరించి, పసిపిల్లల ఉయ్యాలలకని అమ్ముతారట. మెత్తగా ఉండాలి, బరువు ఆపాలి. యజమాని రంగారావు గారికి ఆ ఆర్డర్ మీద చాలా ఆశ ఉండేది. అప్పటిదాకా మా గుడ్డ లంగాలకీ దుప్పట్లకీ తప్ప పోలేదు.

ఏప్రిల్‌లో ఒక శనివారం. ముందురోజు సాయంత్రమే సింగరాయకొండ నుంచి ఫోనొచ్చి, తమ్ముడికి గుండెపోటని కామేశ్వరి గారు వెళ్ళిపోయారు. ఉయ్యాల బట్ట బ్యాచ్ నా చేతిలో ఉంది. రెండింటికి ఎంజైమ్ నీళ్ళలో వేయించాను. మూడింటికి వేడి పెంచాలి. రెండున్నరకి ఆకాశం నల్లబడింది, పావుగంటలో వాన దబదబా కొట్టేసింది. మా బాయిలర్ పత్తికట్టె మీద నడిచేది. బయట మోపులుగా పేర్చిన కట్టె మొత్తం తడిసిపోయింది.

"పొగ తప్ప ఆవిరి రావట్లేదమ్మా" అన్నాడు కోటయ్య కళ్ళు తుడుచుకుంటూ.

ఏప్రిల్‌లో వాన పడితే మా వైపు ఎవరూ పర్మిషన్ అడగరు. అందరికీ కల్లాల్లో మిరపకాయలు ఎండుతుంటాయి, సొంతవో కౌలువో. ఏడాది కష్టమంతా ఎర్రగా నేలమీద పరిచి ఉంటుంది. రంగారావు గారి జీపే అందరికంటే ముందు గేటు దాటింది. మిషన్ల దగ్గరివాళ్ళు ఒకళ్ళ వెనక ఒకళ్ళు సైకిళ్ళెక్కారు. మా మామగారు ఫోన్ చేశారు.

"అమ్మాయ్, కాయలు తడుస్తున్నయ్. మీ అత్త టార్పాలిన్ పట్టా పట్టుకుని కల్లంలో నిలబడింది. పాప గుక్కపట్టి ఏడుస్తంది. తొందరగా రా."

నాకు పాప ఏడుపు ఫోన్లో వినపడుతోంది. జాకెట్టు పాలతో తడిసిపోతోంది. ఆవిరి లేదు. మిషన్‌లోని నీళ్ళు వదిలేసి, చన్నీళ్ళు నింపి, ఒకసారి జాడించి గుడ్డను ట్రాలీలోకి లాగేశాను. జాడిస్తే పోతుందిలే అనుకున్నాను. చేలో పురుగుమందు కొట్టొచ్చాక చేతులు కడుక్కోవడంతో సరిపెట్టుకునే ఇంట్లో పుట్టినదాన్ని. కానీ ఈ ఎంజైమ్ నూలుని పట్టుకుని కూర్చుంటుంది, జాడింపుకి వదలదు. పులుపుని విరిచే చాకలిసోడా గుప్పెడు వేసినా అక్కడికక్కడ ఆగిపోయేది. ఆ సంగతి నాకు తెలుసు. ఆ నిమిషంలో తట్టలేదు. కార్డు ఖాళీగా ఉంటే సోమవారం గుడ్డ ఆరబెట్టడానికి తీసుకోరు. ఎనభై డిగ్రీలు, పది నిమిషాలు అని రాసి సంతకం పెట్టి పరుగెత్తాను.

ఆదివారం సెలవు. తడిగుడ్డ ఆ రేకుల షెడ్డు ఉక్కలో సోమవారం పొద్దుటిదాకా ట్రాలీలోనే ఉంది.

సోమవారం ఆరబెట్టి చూస్తే గుడ్డ వెన్నలా ఉంది. అంత మెత్తటిది మా యూనిట్‌లో అంతకుముందు రాలేదు. రంగారావు గారు దాన్ని చెంపకి రాసుకుని, "మేడమ్ గారు లేకుండా కూడా బండి నడిపించావే సుజాతా" అన్నారు. ఆడవాళ్ళంతా వచ్చి తడిమి చూశారు. నిజం చెప్పాలంటే నేనూ పొంగిపోయాను. లోపల ఎక్కడో ఒక ముల్లు గుచ్చుతూనే ఉంది గానీ, ఇంత బాగా వచ్చినప్పుడు ఏం తప్పు జరిగి ఉంటుందిలే అని సర్దిచెప్పుకున్నాను. పీలిక చింపి వినలేదు. మిషన్‌లోనూ పెట్టలేదు. వినాలంటే భయమేసిందని ఇప్పుడు ఒప్పుకుంటాను.

మంగళవారం పొద్దున కామేశ్వరి గారు వచ్చారు. కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. తమ్ముడు గండం గడిచి ఒంగోలు ఆసుపత్రిలో ఉన్నాడని చెప్పారు. టీ తాగుతూ, "రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చారు. అదీ మనవాళ్ళ బాపతే, ఎంజైమే" అన్నారు. "ఇచ్చేముందు ఆ డాక్టరు మా మరదలిని ఎన్ని ప్రశ్నలడిగాడో. తలకి దెబ్బ తగిలిందా, ఈమధ్య ఆపరేషనయిందా, కడుపులో పుండుందా, పక్షవాతం ఎప్పుడైనా వచ్చిందా. ఆవిడ పాపం, తొందరగా సూది వెయ్యండి బాబూ అని ఏడుస్తోంది. ఆయన కదల్లేదు. ఒకసారి లోపలికి వెళ్ళాక ఏది చెడ్డ గడ్డో ఏది కావలసిన గడ్డో దానికి తెలియదు కదా. అన్నీ అడిగి అప్పుడిచ్చాడు. అరగంటలో వాడికి నొప్పి తగ్గింది." చెబుతూ ఆవిడ చేయి గుడ్డ మీదికి వెళ్ళింది. మధ్యాహ్నం లారీ వస్తుందని నేను చెప్పాను.

అలవాటుగా ఒక పీలిక కత్తిరించి చెవి దగ్గర పెట్టుకుని చింపారు. చప్పుడు రాలేదు. ఇంకోటి తీసి చింపారు. తడిసిన కాగితంలా ఊరికే విడిపోయింది.

"చంపావా?" అని అడిగారు.

"చంపాను మేడమ్. ఎనభై, పది నిమిషాలు. కార్డులో ఉంది."

కార్డు తీసి చదివారు. కళ్ళజోడు తీసి మెడలోకి వదిలేశారు. కోప్పడతారేమోనని చూశాను. ఆవిడ మామూలు గొంతుతో, "పాపకి ఎన్నో నెల?" అన్నారు.

"ఏడో నెలండి."

"ఎంత బరువుంటుంది?"

"ఏడు కేజీలు."

కోటయ్యను పిలిచి, తానులోంచి ఐదు మీటర్లు కత్తిరించి లేబొరేటరీ పైనున్న ఇనపదూలానికి ఉయ్యాల కట్టమన్నారు. అతను కట్టాడు. లేతపసుపు రంగు గుడ్డ, చూడముచ్చటగా వేలాడుతోంది. "మీ అత్తగారికి ఫోన్ చేసి పాపను తీసుకురమ్మను సుజాతా. ఈ గుడ్డలో మొదట పడుకునేది నీ కూతురే కావాలి" అన్నారు.

ఆటపట్టిస్తున్నారేమో అనుకున్నాను. ఆవిడ ముఖం అలా లేదు. ఫోన్ తీశాను. అత్తగారి నంబరు వచ్చేదాకా నొక్కాను. ఆపైన వేలు కదల్లేదు. కోటయ్య నన్ను చూస్తున్నాడు. శనివారం ఆవిరి రాలేదని నాకు చెప్పింది అతనే.

"వద్దు మేడమ్."

"ఏం?"

"ఆవిరి రాలేదండి. నేను ఆపలేదు. జాడించి వెళ్ళిపోయాను."

ఆవిడ తల ఊపి, రంగుల్లో వాడే ఉప్పు ఏడు కేజీలు తూయించి, సంచిలో కట్టి ఉయ్యాలలో పడుకోబెట్టారు. అవును, పడుకోబెట్టారు. రెండు చేతులతో, జాగ్రత్తగా. తర్వాత మెల్లగా ఊపారు. నాలుగు ఊపులయ్యాయి. ఐదో ఊపుకి ముడి కింద గుడ్డ విడిపోయింది. చిరిగిన చప్పుడు మాకెవరికీ వినపడలేదు. ఉప్పు సంచి సిమెంటు నేలమీద దబ్బున పడింది. నేను చెవులు మూసుకున్నాను. ఇన్నేళ్ళయినా ఆ చప్పుడు నన్ను వదల్లేదు.

"పెన్ను తియ్యి" అన్నారు కామేశ్వరి గారు. నేను కార్డు మీద అబద్ధం రాసిన చోట గీత పెట్టబోతుంటే చెయ్యి పట్టుకున్నారు. "కొట్టెయ్యకు. అది అలాగే ఉండనీ. కింద రాయి."

ఆవిరి లేదు, ఆపలేదు, పై రాత తప్పు అని రాసి, మళ్ళీ సంతకం పెట్టాను.

రంగారావు గారు ముందు నమ్మలేదు. నమ్మాక కట్‌పీసుల కింద అమ్మేద్దామన్నారు. "ఉయ్యాలకి వద్దులెండి మేడమ్ గారూ. తుడుచుకోడానికో దేనికో వాడుకుంటారు. ఇంత గుడ్డ ఏం చేస్తాం?"

"ఇంత మెత్తటి ముక్క చవగ్గా దొరికితే చేతిలో డబ్బులేని తల్లి ముందు ఉయ్యాలే కడుతుందండి" అన్నారావిడ. "దేనికి వాడుకోవాలో ఆ గుడ్డ మీద రాసిపెట్టి ఉండదు." అంటూనే చేతిలో ఉన్న తానుని అడ్డంగా చింపడం మొదలుపెట్టారు.

"మేడమ్ గారూ, అది నా గుడ్డ."

"అవునండి. నన్ను తీసెయ్యాలంటే తీసెయ్యండి. ఇది చింపడమయ్యాక వెళ్తాను."

రంగారావు గారి ముఖం కందగడ్డలా అయింది. కింద పడి ఉన్న ఉప్పు సంచినీ, దూలానికి వేలాడుతున్న పీలికలనీ చూశారు. ఉన్నట్టుండి ఫోన్ తీసి బయటికి పరుగెత్తారు. ముందురోజు సాయంత్రం బాగుందని ముచ్చటపడి, ఒక తాను తన మనవడి ఉయ్యాలకని ఇంటికి పంపారట. "కట్టారా? కట్టకండి. అసలు విప్పకండి. బీరువా మీదే ఉండనియ్యండి" అని ఆయన అరవడం లోపలికి వినపడింది. చాలాసేపటికి తిరిగొచ్చి స్టూలు మీద కూలబడ్డారు. తర్వాత ఆయనే ఒక తాను దగ్గరికి లాక్కున్నారు.

ఆ మధ్యాహ్నం, మర్నాడూ అందరం చింపుతూనే ఉన్నాం. జానెడు జానెడు పీలికలు. మంచి గుడ్డయితే వేళ్ళు బొబ్బలెక్కేవి. ఇది చేతికి ఏమాత్రం కష్టం లేకుండా చిరుగుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. కామేశ్వరి గారు ఓదార్చలేదు, తిట్టలేదు. నా పక్కనే కూర్చుని చింపుతూ, "ఆ డాక్టరు సూది వేసేముందు అన్ని ప్రశ్నలడిగాడు. నేను కార్డులో ఒక్కటే పెట్టాను. ఆవిరి లేకపోతే ఏం చెయ్యాలో అందులో రాయలేదు. అది నా తప్పు" అన్నారు. ఆ వారమే కార్డు మార్చారు. ఆవిరి లేకపోతే సోడా అని రాశారు. చివర్న 'ఆపినవారు' అని ఒక గడి పెట్టారు. దాని పక్కన రెండు సంతకాలకి చోటుంచారు. చెయ్యించినవాళ్ళు ఒకరు, కళ్ళతో చూసినవాళ్ళు ఒకరు. ఆర్డర్ వాళ్ళకి రంగారావు గారే ఫోన్ చేసి నెల గడువు అడిగారు. రెండోసారి చేసిన గుడ్డ మొదటిదంత మెత్తగా రాలేదు. పర్రుమని చిరిగింది.

ఆ తర్వాత ఎనిమిదేళ్ళు ఆవిడ దగ్గర పనిచేశాను. ఆవిడ ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. రిటైరయ్యి సింగరాయకొండ వెళ్ళిపోయాక అప్పుడప్పుడూ వెళ్ళి చూసొచ్చేదాన్ని. కిందటేడు చివరిసారి వెళ్ళినప్పుడు మంచం మీదే ఉన్నారు. మాట తగ్గిపోయింది. తమ్ముడు గుడికి వెళ్తూ మా ఇద్దరికీ ప్రసాదం పెట్టి వెళ్ళాడు. ఎన్నాళ్ళుగానో అడగాలనుకున్నది అప్పుడడిగాను.

"నేను చంపానన్నప్పుడే మీకు అబద్ధమని తెలుసు కదా మేడమ్. మళ్ళీ ఉయ్యాల కట్టించడం ఎందుకు?"

"గుడ్డ చెప్పేసింది" అన్నారు. ఊపిరి తీసుకుని, "నువ్వు కూడా చెబుతావేమోనని" అన్నారు.

అంతసేపు మాట్లాడినందుకే ఆవిడకి ఆయాసం వచ్చింది. తర్వాత రెండు నెలలకి పోయారు. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. తిరుగు బస్సులో పక్కన కూర్చున్న ఒకావిడ ఒళ్ళో పసిపిల్ల నన్ను చూసి నవ్వుతుంటే దుఃఖం ఆపుకోలేకపోయాను.

ఇప్పుడు ఆ లేబొరేటరీ నా చేతిలో ఉంది. ఆ బ్యాచ్ కార్డు నా బల్ల సొరుగులో ఉంది. మడతల దగ్గర చిరుగుతుంటే వెనక నూలుపీలిక అంటించాను. కాన్పుకి వెళ్ళినమ్మాయి స్థానంలో పోయిన వారం కొత్తమ్మాయి చేరింది. అద్దంకి నుంచి వచ్చింది, కెమిస్ట్రీలో మంచి మార్కులు. ఎంజైమ్ అంటే ఏమిటో నేనడక్కముందే గడగడా చెప్పబోయింది. ఆగమని, కార్డు చేతికిచ్చాను. పైన రాసింది చదివింది. కింద రాసింది చదివింది. రెండు సంతకాలూ ఒకటేనా అని దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఇదెవరిదండి?"

"నాది."

ఆ పిల్ల నావంక చూసి, మళ్ళీ కార్డు చూసుకుంది. "మరి మిమ్మల్ని తీసెయ్యలేదాండి?" అంది.

"లేదమ్మా. చింపించారు."

పొద్దుటి బ్యాచ్ ఆరి సిద్ధంగా ఉంది. అంచులోంచి ఒక పీలిక కత్తిరించి ఆ అమ్మాయి చేతికిచ్చి, చెవి దగ్గర పెట్టుకుని చింపమన్నాను.